ఆవర్తన పట్టికలో బ్లాకులు

మూలకాల ఆవర్తన పట్టికలో ఒకే రకపు ఉపకర్పరంలో చివరి ఎలక్ట్రాన్‌ను నింపుకొనే మూలకాల సముదాయాన్ని బ్లాకు అంటారు. పట్టికలో నాలుగు బ్లాకులు ఉన్నాయి. అవి ఎస్-బ్లాకు, పి-బ్లాకు, డి-బ్లాకు, ఎఫ్-బ్లాకు. పరమాణువులో ఎలక్ట్రాన్లను తక్కువ శక్తి గల ఉపకర్పరం నుండి ఎక్కువ శక్తి గల ఉపకర్పరానికి వరుసగా నింపుతూ పోయినప్పుడు చిట్టచివర చేరే ఎలక్ట్రాన్‌కు భేదపరచే ఎలక్ట్రాన్ అని పేరు. అది చేరిన ఉపకర్పరమే మూలకపు బ్లాకును నిర్ణయిస్తుంది. ఇప్పటివరకు గుర్తింపు పొందిన 118 మూలకాలలో 14 ఎస్-బ్లాకుకు, 36 పి-బ్లాకుకు, 40 డి-బ్లాకుకు, 28 ఎఫ్-బ్లాకుకు చెందుతాయి.

పట్టికలోని నిలువు వరుసలను గ్రూపులు అనీ, అడ్డు వరుసలను పీరియడ్లు అనీ అంటారు. బ్లాకు గ్రూపు కంటె విశాలమైన విభాగం. ఒక మూలకం ఏ బ్లాకుకు చెందినదో తెలిస్తే అది లోహమా, అలోహమా, ఎన్ని ఆక్సీకరణ స్థితులను చూపుతుంది, దాని లవణాలకు రంగు ఉంటుందా, ఏ మూలకాలతో కలిసి ఖనిజాలలో దొరుకుతుంది, వాటి నుండి దానిని వేరుచేయడం సులభమా, కష్టమా అనే ప్రశ్నలకు చాలావరకు సమాధానం ఊహించవచ్చు. తెలంగాణలోని ఖమ్మం - భద్రాచలం ప్రాంతంలో బొగ్గు, ఇనుప ఖనిజం, డోలమైటు, భారజల కర్మాగారం దగ్గరదగ్గరగా ఉన్నందున ఈ వర్గీకరణకు అక్కడ మంచి ఉదాహరణలు లభిస్తాయి.

చరిత్ర

రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ మెండలియెవ్ 1869లో ఆవర్తన పట్టికను ప్రకటించినప్పుడు ఎలక్ట్రాన్ గురించి ఎవరికీ తెలియదు. ఆయన మూలకాలను పరమాణు భారాల క్రమంలో అమర్చి, ఒకే విధమైన ధర్మాలు గలవాటిని ఒకే వరుసలో ఉంచాడు. 1913లో హెన్రీ మోస్లే ఎక్స్-కిరణ వర్ణపటాల పరిశీలన ద్వారా పట్టికకు అసలు ఆధారం పరమాణు భారం కాదనీ, పరమాణు సంఖ్య అనీ నిరూపించాడు. నీల్స్ బోర్ మూలకాల ధర్మాలకు ఎలక్ట్రాన్ల అమరికతో ఉన్న సంబంధాన్ని వివరించాడు. 1925లో వుల్ఫ్‌గాంగ్ పౌలి ప్రతిపాదించిన వర్జన నియమంతో ఒక్కొక్క ఉపకర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఇముడుతాయో స్పష్టమైంది.

ఎస్, పి, డి, ఎఫ్ అనే అక్షరాలు వర్ణపట శాస్త్రం నుండి వచ్చాయి. క్షార లోహాల వర్ణపటాలలోని రేఖల శ్రేణులకు శాస్త్రజ్ఞులు షార్ప్, ప్రిన్సిపల్, డిఫ్యూజ్, ఫండమెంటల్ అని పేర్లు పెట్టారు. ఆ నాలుగు పేర్ల మొదటి అక్షరాలే తరువాత ఉపకర్పరాలకు, వాటి ద్వారా బ్లాకులకు స్థిరపడ్డాయి. 1928లో ఫ్రాన్సు దేశీయుడు షార్ల్ జానే ఎలక్ట్రాన్లు నిండే క్రమాన్ని మెట్ల వలె చూపే పట్టికను రూపొందించాడు. ఈ పట్టికలో నాలుగు బ్లాకులూ స్పష్టంగా కనిపిస్తాయి.

బ్లాకుల నిర్మాణానికి ఆధారం

పరమాణు కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు కర్పరాలలో ఉంటాయి. ప్రతి కర్పరంలోను ఒకటి లేదా అంతకంటె ఎక్కువ ఉపకర్పరాలు ఉంటాయి. ఎస్ ఉపకర్పరంలో ఒక ఆర్బిటాల్, పి ఉపకర్పరంలో మూడు, డి ఉపకర్పరంలో ఐదు, ఎఫ్ ఉపకర్పరంలో ఏడు ఆర్బిటాళ్ళు ఉంటాయి. ఒక ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్ల కంటె ఎక్కువ ఉండవు. కనుక ఈ ఉపకర్పరాలలో వరుసగా 2, 6, 10, 14 ఎలక్ట్రాన్లు ఇముడుతాయి. ఆవర్తన పట్టికలో ఎస్-బ్లాకు రెండు నిలువు వరుసలుగా, పి-బ్లాకు ఆరు, డి-బ్లాకు పది, ఎఫ్-బ్లాకు పద్నాలుగు వరుసలుగా ఉండటానికి ఇదే కారణం.

ఉపకర్పరాలు నిండే క్రమాన్ని ఎన్ + ఎల్ నియమం సూచిస్తుంది. ఇందులో ఎన్ ప్రధాన క్వాంటం సంఖ్య, ఎల్ అజిముతల్ క్వాంటం సంఖ్య. ఈ రెండింటి మొత్తం తక్కువగా ఉన్న ఉపకర్పరం ముందుగా నిండుతుంది. మొత్తం సమానమైతే ఎన్ విలువ తక్కువగా ఉన్నది ముందు నిండుతుంది. ఆ ప్రకారం వచ్చే క్రమం ఇది:

1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి, 5ఎస్, 4డి, 5పి, 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్, 5ఎఫ్, 6డి, 7పి.

ప్రతి పీరియడ్ ఎస్ ఉపకర్పరంతో మొదలవుతుంది. మొదటి పీరియడ్ తప్ప మిగిలినవన్నీ పి ఉపకర్పరంతో ముగుస్తాయి. ఏడు పీరియడ్లలో వరుసగా 2, 8, 8, 18, 18, 32, 32 మూలకాలు ఉండటం కూడ ఈ క్రమం నుండే వస్తుంది.

మూలకపు బ్లాకును గుర్తించే విధానం

పరమాణు సంఖ్య తెలిస్తే పై క్రమంలో ఎలక్ట్రాన్లను నింపి బ్లాకును కనుగొనవచ్చు.

* సోడియం (పరమాణు సంఖ్య 11): 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్¹. చివరి ఎలక్ట్రాన్ 3ఎస్‌లో చేరింది. ఇది ఎస్-బ్లాకు మూలకం.
* గంధకం (16): 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁴. ఇది పి-బ్లాకు మూలకం.
* ఇనుము (26): 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి⁶. ఇది డి-బ్లాకు మూలకం.
* నియోడిమియం (60): జినాన్ విన్యాసం తరువాత 6ఎస్² 4ఎఫ్⁴. ఇది ఎఫ్-బ్లాకు మూలకం.

ఇక్కడ విద్యార్థులకు తరచుగా కలిగే సందేహం ఒకటి ఉంది. ఇనుములో 4ఎస్ ముందు నిండి, 3డి తరువాత నిండుతుంది. కాని పరమాణువు అయానుగా మారేటప్పుడు ముందుగా పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే. అందువల్ల రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుప అయానులో 3డి⁶ విన్యాసం మిగులుతుంది. నిండే క్రమమూ, కోల్పోయే క్రమమూ ఒకటి కావు.

కొన్ని మూలకాలు నియమం నుండి కొద్దిగా తప్పుకుంటాయి. క్రోమియం (24) విన్యాసం 3డి⁵ 4ఎస్¹, రాగి (29) విన్యాసం 3డి¹⁰ 4ఎస్¹. సగం నిండిన, పూర్తిగా నిండిన డి ఉపకర్పరాలకు ఉండే అదనపు స్థిరత్వాన్ని ఇందుకు కారణంగా చెబుతారు. అయినా వీటి బ్లాకు మారదు.

ఎస్-బ్లాకు

ఒకటవ గ్రూపులోని క్షార లోహాలు, రెండవ గ్రూపులోని క్షారమృత్తిక లోహాలు, వీటితో పాటు ఉదజని, హీలియం ఈ బ్లాకులోనివి. ఉదజని, హీలియం మినహా మిగిలిన పన్నెండూ లోహాలే. ఇవి మెత్తనివి, తేలికగా ఎలక్ట్రాన్లను కోల్పోయేవి. అందుకే ప్రకృతిలో ఇవి లోహాలుగా దొరకవు, లవణాలుగానే దొరుకుతాయి.

ఈ లోహాలకు దాదాపు ఒకే ఒక్క ఆక్సీకరణ స్థితి ఉండటానికి కారణాన్ని అయనీకరణ శక్తుల నుండి గ్రహించవచ్చు. సోడియం నుండి మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు సుమారు 496 కిలోజౌళ్ళు చాలు. రెండవ ఎలక్ట్రాన్‌కు సుమారు 4,562 కిలోజౌళ్ళు కావాలి. మెగ్నీషియంకు మొదటి రెండు ఎలక్ట్రాన్ల విలువలు సుమారు 738, 1,451 కిలోజౌళ్ళు కాగా మూడవదాని విలువ 7,733 వరకు ఉంటుంది. ఎస్ ఉపకర్పరం ఖాళీ అయిన తరువాత లోపలి కర్పరాన్ని కదిలించడం సామాన్య రసాయన చర్యలకు సాధ్యం కాదు.

వంటింటి ఉప్పులో సోడియం, తాంబూలపు సున్నంలో కాల్షియం ఈ బ్లాకుకు చెందినవి. దీపావళి మతాబులలో కనిపించే పసుపు రంగుకు సోడియం, ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం లవణాలు కారణం. బేరియం సల్ఫేటు ఖనిజమైన ముగ్గురాయికి ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ప్రపంచ ప్రసిద్ధి గాంచింది.

పి-బ్లాకు

13 నుండి 18 వరకు గల గ్రూపులు ఈ బ్లాకులోనివి. హీలియం 18వ గ్రూపులో ఉన్నప్పటికీ విన్యాసం రీత్యా ఎస్-బ్లాకు మూలకం. లోహాలు, అలోహాలు, అర్ధలోహాలు మూడూ ఉన్న బ్లాకు ఇదొక్కటే. ఉదజని, హీలియంలను మినహాయిస్తే అలోహాలన్నీ ఇక్కడే ఉన్నాయి. గాలిలోని నత్రజని, ఆమ్లజని, ఇసుకలోని సిలికాన్, జీవపదార్థంలోని కర్బనం, భాస్వరం, గంధకం పి-బ్లాకు మూలకాలే. ఎస్, పి బ్లాకుల మూలకాలను కలిపి ప్రాతినిధ్య మూలకాలు అంటారు. జడవాయువులను సాధారణంగా వీటిలో చేర్చరు.

ఈ బ్లాకులో ఎడమ నుండి కుడికి పోయేకొద్దీ ఋణవిద్యుదాత్మకత పెరుగుతుంది. 17వ గ్రూపు శిఖరాన ఉన్న ఫ్లోరిన్‌కు అన్ని మూలకాలలోకీ ఎక్కువ ఋణవిద్యుదాత్మకత ఉంది. గ్రూపులో పైనుండి కిందికి వచ్చేకొద్దీ లోహ స్వభావం పెరుగుతుంది. 14వ గ్రూపులో కర్బనం అలోహం, సిలికాన్, జెర్మేనియం అర్ధలోహాలు, తగరం, సీసం లోహాలు. ఇత్తడి, రాగి పాత్రలలో పులుసు వండితే చిలుము దిగకుండా లోపల పూసే కళాయి తగరమే. డి-బ్లాకు లోహానికి పి-బ్లాకు లోహంతో కల్పించిన రక్షణ అది.

డి-బ్లాకు

3 నుండి 12 వరకు గల గ్రూపులు ఈ బ్లాకులోనివి. వీటిని పరివర్తన మూలకాలు అని కూడ వ్యవహరిస్తారు. అన్నీ లోహాలే. ఇనుము, రాగి, వెండి, బంగారం, పాదరసం, నికెల్, క్రోమియం, టంగ్‌స్టన్ ఇందులో ముఖ్యమైనవి.

డి ఎలక్ట్రాన్ల శక్తి, బయటి ఎస్ ఎలక్ట్రాన్ల శక్తికి దగ్గరగా ఉంటుంది. ఆ కారణంగా రెండు రకాల ఎలక్ట్రాన్లూ బంధాలలో పాల్గొనగలవు. ఇనుము +2, +3 స్థితులను, మాంగనీసు +2 నుండి +7 వరకు అనేక స్థితులను చూపుతాయి. డి ఆర్బిటాళ్ళు పాక్షికంగా నిండి ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు దృశ్య కాంతిని శోషించుకోగలవు. మైలుతుత్తం నీలిరంగుకు ఇదే మూలం. తుత్తునాగం (జింకు) అయానులో డి ఉపకర్పరం పూర్తిగా నిండి ఉండటం వల్ల దాని సామాన్య లవణాలు తెల్లగా ఉంటాయి. ఆక్సీకరణ స్థితిని సులభంగా మార్చుకోగల స్వభావం వల్ల ఈ లోహాలు మంచి ఉత్ప్రేరకాలు. అమ్మోనియా తయారీలో ఇనుము, గంధకికామ్లం తయారీలో వెనేడియం పెంటాక్సైడు, వనస్పతి తయారీలో నికెల్ వాడుతారు.

ఎఫ్-బ్లాకు

4ఎఫ్ ఉపకర్పరం నిండే లాంథనైడ్లు, 5ఎఫ్ ఉపకర్పరం నిండే ఆక్టినైడ్లు ఈ బ్లాకులోనివి. వీటిని అంతర పరివర్తన మూలకాలు అంటారు. పట్టిక వెడల్పు పెరగకుండా ముద్రణ సౌకర్యం కోసం వీటిని అడుగున రెండు వరుసలుగా విడిగా చూపుతారు. నిజానికి వాటి స్థానం ఎస్, డి బ్లాకుల మధ్యనే.

4ఎఫ్ ఎలక్ట్రాన్లు పరమాణువు లోతట్టున ఉంటాయి కనుక బంధాలలో అంతగా పాల్గొనవు. అందువల్ల లాంథనైడ్లన్నీ ప్రధానంగా +3 స్థితినే చూపుతూ, ఒకదానినొకటి చాలా దగ్గరగా పోలి ఉంటాయి. ప్రకృతి కూడ వీటిని విడదీయలేదు. తూర్పు తీరపు ఇసుకలలో, ముఖ్యంగా శ్రీకాకుళం నుండి భీమునిపట్నం వరకు గల తీరంలో లభించే మోనజైటు ఖనిజంలో సీరియం, లాంథనం, నియోడిమియం మొదలైనవి థోరియంతో పాటు ఒకే స్ఫటికంలో కలిసి ఉంటాయి. పవనవిద్యుత్ యంత్రాలలోను, విద్యుత్ వాహనాలలోను వాడే బలమైన అయస్కాంతాలకు నియోడిమియం కావాలి. దానిని తోటి మూలకాల నుండి వేరుచేయడానికి ద్రావణి నిష్కర్షణను అనేక దశలలో జరపవలసి ఉంటుంది. అరుదైన మృత్తికల ధర ఎక్కువగా ఉండటానికి అవి అరుదుగా దొరకడం కంటె విడదీయడంలోని ఈ శ్రమే పెద్ద కారణం.

4ఎఫ్ ఎలక్ట్రాన్లు కేంద్రకపు ఆకర్షణను సరిగా అడ్డుకోలేవు. అందువల్ల లాంథనం నుండి కుడికి పోయేకొద్దీ పరమాణు పరిమాణం క్రమంగా తగ్గుతుంది. దీనిని లాంథనైడ్ సంకోచం అంటారు. దీని ప్రభావం ఎఫ్-బ్లాకును దాటి డి-బ్లాకు మీద కూడ పడుతుంది.

ఖమ్మం - భద్రాచలం ప్రాంతంలో ఉదాహరణలు

ఖమ్మం పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఖానాపురం హవేలి నుండి ఈశాన్యంగా కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవుల వరకు ప్రయాణిస్తే నేల స్వభావం మారుతూ వస్తుంది. ఖమ్మం వైపు పురాతన స్ఫటిక శిలలు, గోదావరి లోయలో గోండ్వానా అవక్షేప శిలలు ఉన్నాయి. 2016లో జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతం ముఖ్యంగా ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో ఉంది. ఇక్కడి ఖనిజాలను, పరిశ్రమలను బ్లాకుల దృష్టితో చూడవచ్చు.

* బొగ్గు: ఇందులోని ముఖ్య మూలకం కర్బనం, పి-బ్లాకుకు చెందినది. 1871లో భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది.
* డోలమైటు: కాల్షియం, మెగ్నీషియంల కార్బొనేటు. రెండు లోహాలూ ఎస్-బ్లాకువే. ఖమ్మం జిల్లాలోని మాదారం గనులు విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి చెందినవి.
* ఇనుప ఖనిజం: ఇనుము డి-బ్లాకు మూలకం. బయ్యారం పరిసరాలలో ఇనుప ఖనిజం ఉంది. ఇది పూర్వపు ఖమ్మం జిల్లాలోనిది, ప్రస్తుతం మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం స్థాపనకు గల సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలో పేర్కొన్నారు.
* గార్నెట్: కొత్తగూడెం సమీపంలోని గరీబ్‌పేట కొండ వద్ద ఎర్రని గార్నెట్ రాళ్ళు దొరుకుతాయి. ఈ రకపు గార్నెట్‌లో డి-బ్లాకుకు చెందిన ఇనుము, పి-బ్లాకుకు చెందిన అల్యూమినియం, సిలికాన్, ఆమ్లజని ఉంటాయి. దాని ఎరుపు రంగుకు ఇనుమే కారణం. పుదుచ్చేరి వద్ద ఉన్న పురాతన రేవు అరికమేడులో లభించిన గార్నెట్లు గరీబ్‌పేట నుండి వెళ్ళినవేనని 2017లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

మూడు బ్లాకుల మూలకాలు ఒకే కొలిమిలో పనిచేసే తీరుకు పాల్వంచలోని స్పాంజ్ ఐరన్ కర్మాగారం మంచి ఉదాహరణ. 1975లో స్థాపితమైన స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. 2010లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో విలీనమైంది. ఈ పద్ధతిలో ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే, తిరిగే కొలిమిలో బొగ్గుతో వేడిచేస్తారు. బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడు ఖనిజంలోని ఆమ్లజనిని లాగుకొనగా ఇనుము మిగులుతుంది. బొగ్గులోని గంధకం ఇనుములో చేరితే లోహం పెళుసుబారుతుంది. దానిని పట్టుకోవడానికి డోలమైటు కలుపుతారు. అంటే డి-బ్లాకు లోహాన్ని పి-బ్లాకుకు చెందిన ఆమ్లజని నుండి కర్బనం విడిపిస్తుంది; గంధకం నుండి ఎస్-బ్లాకు లోహాలు కాపాడుతాయి.

బ్లాకు చెప్పలేని భేదం: భారజలం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వాపురం వద్ద మణుగూరు భారజల కర్మాగారం 1991లో ప్రారంభమైంది. అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించడానికి భారజలం అవసరం. ఇందులో సాధారణ ఉదజని స్థానంలో దాని ఐసోటోపు అయిన డ్యుటీరియం ఉంటుంది. ప్రకృతిలో పది లక్షల ఉదజని పరమాణువులలో సుమారు 150 మాత్రమే డ్యుటీరియం పరమాణువులు.

ఉదజని, డ్యుటీరియం రెండింటికీ ఒకే ఎలక్ట్రాన్ విన్యాసం (1ఎస్¹), ఒకే స్థానం, ఒకే బ్లాకు. తేడా కేంద్రకంలోని ఒక న్యూట్రాన్ మాత్రమే. కనుక వీటిని సామాన్య రసాయన చర్యలతో విడదీయడం చాలా కష్టం. మణుగూరులో హైడ్రోజన్ సల్ఫైడు వాయువును నీటితో కలిపే పద్ధతిని అనుసరిస్తారు. తక్కువ ఉష్ణోగ్రతలో డ్యుటీరియం నీటిలో చేరడానికి మొగ్గు చూపుతుంది. ఎక్కువ ఉష్ణోగ్రతలో ఆ మొగ్గు తగ్గి వాయువులోకి మారుతుంది. చల్లని, వేడి స్తంభాల మధ్య ఈ మార్పిడిని అనేకసార్లు జరిపి గాఢతను పెంచుతారు. హైడ్రోజన్ సల్ఫైడు విషవాయువు కనుక ఇటువంటి కర్మాగారాలకు కట్టుదిట్టమైన భద్రతా ఏర్పాట్లు అవసరం.

వర్గీకరణ ప్రయోజనం: జిర్కోనియం, హాఫ్నియం

ఒక మూలకాన్ని ఏ బ్లాకులో ఉంచాలన్న ప్రశ్న పరిశోధనలను మలుపు తిప్పిన సందర్భాలున్నాయి. 72వ మూలకం 1920ల ఆరంభం వరకు సందేహాస్పదంగా ఉండేది. అది అరుదైన మృత్తికలలో ఒకటని కొందరు భావించి ఆ ఖనిజాలలో వెదికారు. ఎలక్ట్రాన్ల అమరిక ప్రకారం అరుదైన మృత్తికల శ్రేణి 71తో ముగుస్తుందనీ, 72వ మూలకం జిర్కోనియంను పోలి ఉండాలనీ బోర్ వివరించాడు. డిర్క్ కోస్టర్, జార్జ్ హెవెసీ కోపెన్‌హేగెన్‌లో జిర్కోనియం ఖనిజాలలోనే దానిని కనుగొని 1923లో ప్రకటించారు. ఆ నగరపు లాటిన్ పేరైన హాఫ్నియాను బట్టి దానికి హాఫ్నియం అని పేరు పెట్టారు.

జిర్కోనియం, హాఫ్నియం రెండూ డి-బ్లాకు నాలుగవ గ్రూపులోనివి. సాధారణంగా గ్రూపులో కిందికి వచ్చేకొద్దీ పరిమాణం పెరగాలి. కాని మధ్యలో లాంథనైడ్ సంకోచం జరిగినందున రెండింటి పరమాణు వ్యాసార్ధాలు దాదాపు సమానం. అందుచేత అవి ఎప్పుడూ కలిసే దొరుకుతాయి. అణు ఇంధనపు గొట్టాలకు జిర్కోనియం మిశ్రమ లోహం కావాలి, ఎందుకంటే అది న్యూట్రాన్లను చాలా తక్కువగా గ్రహిస్తుంది. హాఫ్నియం దానికంటె సుమారు 600 రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. కొద్దిపాటి హాఫ్నియం మిగిలినా రియాక్టరు పనికి ఆటంకమే. 1971లో హైదరాబాదులో ఏర్పాటైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో ద్రావణి నిష్కర్షణ పద్ధతిలో ఈ రెండింటినీ వేరుచేస్తారు. రసాయనికంగా కవలలైన ఈ మూలకాలు కేంద్రక ధర్మాలలో ఒకదానికొకటి పూర్తిగా భిన్నం.

ఎఫ్-బ్లాకులో కూడ ఇటువంటి సవరణ జరిగింది. 1940ల వరకు యురేనియంను టంగ్‌స్టన్ కింద, ఆరవ గ్రూపులో ఉంచేవారు. 1940లో కనుగొన్న నెప్ట్యూనియం ఊహించినట్లు రీనియంను పోలక, యురేనియంను పోలింది. అమెరికా శాస్త్రవేత్త గ్లెన్ సీబోర్గ్ ఇవి లాంథనైడ్ల వంటి మరొక శ్రేణి అని ప్రతిపాదించాడు. ఆ ఊహ ఆధారంగానే 1944లో అమెరీషియం, క్యూరియంలను గుర్తించగలిగారు.

ప్రజారోగ్యం: ఫ్లోరైడు

తెలుగు నేలపై అత్యధికంగా బాధ కలిగించిన పి-బ్లాకు మూలకం ఫ్లోరిన్. భారతదేశంలో భూగర్భ జలాల వల్ల కలిగే ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారిగా 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా ఈ సమస్యకు మారుపేరైంది. గ్రానైటు శిలలలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే నీరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

ఫ్లోరైడు అయాను పరిమాణంలోను, ఆవేశంలోను హైడ్రాక్సైడు అయానును పోలి ఉంటుంది. ఎముకలు, పళ్ళలోని కాల్షియం ఫాస్ఫేటు ఖనిజంలో హైడ్రాక్సైడు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో చేరితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకర తిరుగుతాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970ల దశకంలో నల్లగొండ పద్ధతి అనే శుద్ధి విధానాన్ని రూపొందించింది. నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలుపుతారు. పటికలోని అల్యూమినియం (పి-బ్లాకు) హైడ్రాక్సైడు తెట్టుగా మారి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరుతుంది; సున్నంలోని కాల్షియం (ఎస్-బ్లాకు) నీటి క్షారత్వాన్ని నిలుపుతుంది. ఒక జిల్లా కష్టం నుండి వచ్చిన ఈ పేరు ఇతర దేశాల పాఠ్యగ్రంథాలలోకి కూడ చేరింది.

చర్చనీయాంశాలైన స్థానాలు

* ఉదజని: విన్యాసం 1ఎస్¹ కనుక ఎస్-బ్లాకు మూలకం. కాని అలోహం, ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహించి హాలోజన్‌ల వలె కూడ ప్రవర్తించగలదు.
* హీలియం: విన్యాసం 1ఎస్². ధర్మాలు జడవాయువులవి కనుక నియాన్ పైన ఉంచుతారు. జానే పట్టికలో ఇది బెరీలియం పైన ఉంటుంది.
* తుత్తునాగం, కాడ్మియం, పాదరసం: డి-బ్లాకులోనే ఉన్నప్పటికీ డి ఉపకర్పరం పూర్తిగా నిండి ఉన్నందున వీటిని పరివర్తన మూలకాలుగా చాలామంది పరిగణించరు. డి-బ్లాకు మూలకం, పరివర్తన మూలకం అనే పదాలు పూర్తిగా సమానార్థకాలు కావు.
* మూడవ గ్రూపు: ఇట్రియం కింద లాంథనం ఉండాలా, లుటీషియం ఉండాలా అన్నది చిరకాల వివాదం. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య నియమించిన బృందం 2021లో ఇచ్చిన తాత్కాలిక నివేదికలో లుటీషియం, లారెన్సియంలను ఉంచే అమరికను సమర్థించింది.
* థోరియం: తటస్థ పరమాణువులో 5ఎఫ్ ఎలక్ట్రాన్ ఒక్కటి కూడ లేదు (6డి² 7ఎస్²). అయినా శ్రేణిలోని స్థానాన్ని బట్టి ఎఫ్-బ్లాకులో ఉంచుతారు.

ఈ ఉదాహరణలను బట్టి బ్లాకు అనేది ఒక్కొక్క పరమాణువు విన్యాసాన్ని యాంత్రికంగా చదివి ఇచ్చే చిరునామా కాదనీ, పట్టిక మొత్తంలోని క్రమాన్ని గమనించి ఇచ్చే స్థానమనీ తెలుస్తుంది. 113, 115, 117, 118వ మూలకాలకు 2016లో పేర్లు ఖాయం కావడంతో ఏడవ పీరియడ్ నిండింది. 119, 120వ మూలకాలను తయారుచేయగలిగితే అవి ఎస్-బ్లాకులో చేరుతాయని అంచనా. ఆ పైన 121వ మూలకం నుండి జి-బ్లాకు అనే ఐదవ బ్లాకు మొదలవుతుందని సిద్ధాంతం సూచిస్తున్నది. అటువంటి మూలకం ఇంతవరకు లభించలేదు.

ఇవి కూడా చూడండి

* ఆవర్తన పట్టిక
* ఎలక్ట్రాన్ విన్యాసం
* పరివర్తన మూలకాలు
* లాంథనైడ్లు
* ఆక్టినైడ్లు
* భారజలం
* ఫ్లోరోసిస్
* సింగరేణి కాలరీస్